మా ఇంట్లో రావిచెట్టు

మనుషులకే కాదు, చెట్లకీ మతం అంటగట్టారు. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ రావిచెట్టుకు ‘ఫైకస్ రెలిజియోసా’ అని పేరు పెట్టాడు. మతం ఆ పేరులోనే ఉంది. అంతకు ఎంతో ముందు నుంచే హిందువులకూ బౌద్ధులకూ అది పూజనీయం. అందుకే రాజమండ్రిలో మా అద్దింటి హాల్లో జానెడు రావి బోన్సాయ్‌ని చూసినవాళ్లు ముందు అడిగేది ఒకటే: ‘మీ ఇళ్లల్లో రావిచెట్టు పెంచుతారా అండీ?’

అడిగేవాళ్లు మంచివాళ్లే. ‘మీ తెలుగు బావుందండీ’ అని ఆశ్చర్యపోయేవాళ్లూ మంచివాళ్లే. మావైపు మాత్రం తక్కువా? ‘ఘర్ మే పీపల్ కైకు బేటా? జిన్నులుంటాయి’ అంది మా ఖాలా. ఉంచొద్దని ఆమె. రావి కొమ్మ కొయ్యడం పాపమని పక్కింటావిడ. ఇద్దరి మాటల మధ్యా చెట్టు చచ్చిపోతోంది.

బదిలీ మీద వెళ్తూ ఒక మిత్రుడు ఇచ్చిన చెట్టది. ఎండ తగలని ఏసీ గదిలో ఉండి వచ్చింది. ఆకులు పసుపుబారి రాలుతున్నాయి. మాఘ ఫాల్గుణాల్లో రావి ఆకు రాల్చడం మామూలే. కానీ అది శ్రావణం. కొమ్మ మీద గోటితో గీస్తే లోపల పచ్చగా ఉంది, పాలు కారాయి. ప్రాణముంది.

కడియం తీసుకెళ్లాను. నర్సరీలో పనిచేసే పెద్దాయన ఆకుల జోలికే పోలేదు. ‘ముందు వేరు చూద్దామండీ’ అన్నాడు. కుండీలోంచి తీస్తే సగం వేళ్లు నల్లగా, మెత్తగా, కుళ్లు కంపు. లోతులేని కుండీ నిండా ఒండ్రుమట్టి. చేలో బంగారం పండించే మన్నే కుండీలో నీళ్లు పట్టి ఉంచి, వేరుకు గాలాడనివ్వదు. కుళ్లిన వేళ్లు కత్తిరించాడు. ముతక ఇసుక, ఇటుక ముక్కలు, కాస్త కొబ్బరిపొట్టు కలిపి మళ్లీ నాటాడు. పక్షం రోజులు నీడపట్టున, తర్వాత పొద్దుటి ఎండలో ఉంచమన్నాడు. పైమట్టి ఆరిందో లేదో వేలుపెట్టి చూశాకే నీళ్లు. చిగురేసేదాకా ఎరువు వద్దన్నాడు. ‘జ్వరం మనిషికి బిర్యానీ పెడతామా అండీ?’

ఈ మొక్క అసలెక్కడిదని అడిగాను. రావిని ఎవరూ నాటక్కర్లేదన్నాడు. పండు తిన్న పిట్ట రెట్ట వేసిన చోటల్లా మొలుస్తుంది. కాలువ లాకు గోడలో, గుడి గోపురంలో, దర్గా మెట్ల సందులో. ‘ఇదీ ఏదో గోడలోంచి తీసిందే అయ్యుంటుందండీ’ అన్నాడు. ఏ గోడ అని నేనడగలేదు.

‘మీవాళ్లు ఎక్కణ్ణించొచ్చారు?’ అనే ప్రశ్న నాకు చిన్నప్పట్నుంచీ అలవాటే. మా తాత పుట్టిందీ పోయిందీ గోదావరి కాలువ గట్టునే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక పారిన నీళ్లే అందరిలాగా మావాళ్లూ తాగారు. ఆ నీళ్లను మీరెవరని ఎవరూ అడగలేదు.

నెలన్నరకి రాగిరంగు చిగురేసింది. రావి ఎండలో బతికే చెట్టు. హాల్లో అలంకారానికి పనికిరాదు. డాబా మీదికి మార్చాను. మేం ఊరెళ్తే నీళ్లు పోసేది పక్కింటావిడే.

హాల్లో పెట్టి ముచ్చటపడేవాళ్లు మాకూ చాలామంది ఉన్నారు. గజల్ బావుందంటారు, సేమ్యా బావుందంటారు. ఆ ముచ్చట చాలు. ఇక వేరుకు కాస్త గాలాడనివ్వండి.