భుజం భుజం కలిపి... భాషను నిలిపి!

ఊరి కూడలి జనంతో కిక్కిరిసింది. సన్నాయిని పోలిన 'గ్రల్యా' వాద్యం మోగుతోంది. నడుముకు నల్లగుడ్డ బిగించి కట్టిన మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతున్నారు. చివరగా ఓ చిన్నారి చకచకా పాకుతూ కొసకు చేరి చెయ్యి పైకెత్తింది. అంతే... చప్పట్లతో ఊరు హోరెత్తింది!

కృష్ణాష్టమి ఉట్టి గుర్తొస్తోందా? స్పెయిన్ ఈశాన్య మూలనున్న కాటలోనియాలో ఇది 'కాస్టెల్స్'... అంటే కోటలు. ఇక్కడ కొట్టడానికి కుండ ఉండదు. కట్టిన కోట కూలకుండా అందరూ క్షేమంగా దిగితేనే పూర్తి విజయం. 1980ల నుంచి మహిళలూ చేరడంతో కోటల ఎత్తు పెరిగింది, పది అంతస్తులదాకా వెళ్లింది. ప్రమాదమూ లేకపోలేదు. 2006లో ఓ చిన్నారి పడి ప్రాణాలు కోల్పోయింది. పైకెక్కే పిల్లలు ఇప్పుడు హెల్మెట్లు పెట్టుకుంటున్నారు. 2010లో ఈ కోటలకు యునెస్కో వారసత్వ గుర్తింపు దక్కింది.

కాటలాన్లకు పండగంటే ఇంత పట్టుదల ఎందుకు? జవాబు చరిత్రలో ఉంది. 1714 సెప్టెంబరు 11న బార్సిలోనా శత్రుసేనల వశమైంది. ఓడిపోయిన ఆ రోజునే వాళ్లు జాతీయ దినంగా జరుపుకొంటారు! 1939 నుంచి 1975 వరకూ సాగిన ఫ్రాంకో నియంతృత్వంలో కాటలాన్ భాషను బడుల నుంచి, ఆఫీసుల నుంచి వెళ్లగొట్టారు. అప్పుడు ఆ భాష వంటింట్లో, పండగల్లో తలదాచుకుంది.

ఏప్రిల్ 23న సాంట్ జోర్డి పండగ. వీధులన్నీ గులాబీలు, పుస్తకాలే. ఒకప్పుడు అబ్బాయి గులాబీ ఇస్తే అమ్మాయి పుస్తకం ఇచ్చేది. ఇప్పుడు ఎవరు ఎవరికైనా ఇవ్వొచ్చు. మనం ఏటా అదే రోజున జరుపుకొంటున్న ప్రపంచ పుస్తక దినోత్సవానికి స్ఫూర్తి ఈ పండగే. యునెస్కో దాన్ని 1995లో ప్రకటించింది.

జూన్ 23 రాత్రి సాంట్ జోన్ మంటలు... మన భోగిమంటల్లాగే. అక్టోబరు ఆఖర్లో కాల్చిన చెస్ట్‌నట్లు, చిలగడదుంపలు. ఇక డిసెంబరులో పిల్లల సంబరం 'తియో'. కళ్లూ ముక్కూ ఉన్న చిన్న దుంగకు దుప్పటి కప్పి, రోజూ తిండి పెడతారు. క్రిస్మస్ ముందురాత్రి పాట పాడుతూ కర్రలతో దాన్ని బాదితే... దుప్పటి కింద బహుమతులు!

ఇంత సందడిలోనూ ఓ దిగులుంది. కాటలోనియాలో ఎక్కువగా కాటలాన్‌లోనే మాట్లాడేవారు 2003లో 46 శాతం. 2023 సర్వే నాటికి వారు దాదాపు 33 శాతమే. వలస వచ్చినవారు పెరగడం ఒక కారణం. స్పానిష్ వస్తే ఎక్కడైనా రోజు గడిచిపోతుందన్న ధీమా మరొకటి. నిషేధాన్ని తట్టుకున్న భాషకు ఇప్పుడు అలవాటు తప్పడమే ముప్పు!

అయినా కోట అడుగున గుంపులో ఎవరైనా చేరొచ్చు. ఏ దేశం నుంచి వచ్చారని ఎవరూ అడగరు. భుజం ఇస్తే చాలు. పెద్దాయన కాటలాన్‌లో కేకేసి చెప్పే సూచనలు మాత్రం అర్థం కావాలి. అలా కొన్ని మాటలు కొత్తవాళ్ల నోటికి అలవాటవుతాయి. పైన చెయ్యెత్తిన ఆ చిన్నారిని నిలబెట్టేది కింద కనిపించకుండా ఉన్న ఆ భుజాలే. భాషకైనా అంతే!