చివరి భూములు

పెళ్లైన కొత్తలో మేమిద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. ఇద్దరం ఒకేసారి పరిగెత్తొద్దు. ఒకరు పరిగెడుతున్నప్పుడు ఇంకొకరు ఇల్లు చూసుకోవాలి, తర్వాత వంతు మారాలి. 2019లో, నల్లగండ్లలో రెండు గదుల అద్దె ఇంట్లో, ఇంకా మంచం కూడా కొనని రోజుల్లో చాప మీద కూర్చుని అనుకున్న మాట. అప్పుడది చాలా న్యాయంగా అనిపించింది.

ముందు తన వంతు. ప్రమోషన్‌కి కావాల్సిన క్లౌడ్ సర్టిఫికేషన్. అది కాగానే శని, ఆదివారాల్లో రెండేళ్ల ఎంబీఏ. ఆ తర్వాత డల్లాస్‌లో తొమ్మిది నెలల ఆన్‌సైట్. తన పనులన్నిటికీ తేదీలుండేవి. పరీక్ష తేదీ, వీసా తేదీ, అప్రైజల్ తేదీ. నా పీహెచ్‌డీకి ఉన్నది ఒకటే తేదీ, అదీ ఎక్కడో దూరంగా.

నా ఫెలోషిప్ ఐదేళ్లు. నేను చేరినప్పుడు జేఆర్‌ఎఫ్ నెలకి 31 వేలు. 2023 జనవరి నుంచి పెంచాక, ఎస్‌ఆర్‌ఎఫ్ కింద 42 వేలు వచ్చేవి. 2024లో ఐదేళ్లు నిండి ఆగిపోయింది. ఆ నెల నుంచే ఇంట్లో నా చదువుకి పేరు మారింది. అంతకుముందు అది ‘పని’. ఆ తర్వాత ‘నీ థీసిస్’. ఎవరూ కావాలని మార్చలేదు. ఇంతకుముందు గ్యాస్ బండ వచ్చి బెల్ మోగితే, ఎవరికి వీలుందా అని ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం. తర్వాత చూసుకోవడం మానేశాం. నేనే లేచేదాన్ని.

పీహెచ్‌డీకి ఆరేళ్లు గడువు. ఆడవాళ్లకి యూజీసీ ఇంకో రెండేళ్లు సడలింపు ఇచ్చింది. పిల్లలూ, ఇల్లూ, ఆలస్యమవుతుందని ఇచ్చిన వెసులుబాటు అది. మా ఇంట్లో మాత్రం దాన్ని అందరూ వాడుకున్నారు. “నీకింకా టైముందిగా” అని తనన్నాడు. అత్తయ్య అన్నారు. చివరికి మా అమ్మా అంది. మొన్న జూలైతో ఆరేళ్లూ అయిపోయాయి.

ఇంతకీ నా థీసిస్ దేని మీదో చెప్పాలి. మాది మధిర దగ్గర ఊరు. సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టులో నీటి వంతుల మీద పని చేస్తున్నాను. వారబందీ అంటారు. ఏ పొలానికి ఏ రోజు, ఎన్ని గంటలు నీళ్లు పారాలో ముందే రాసుకుంటారు. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలొచ్చాయి, ఈ పంపకం వాళ్లే చూసుకోవచ్చు. కాగితం మీద లోటేమీ లేదు. కానీ నేను తిరిగిన ఊళ్లలో, కాలువకి దగ్గరున్నవాళ్లు వరి వేస్తారు, వాళ్ల మళ్లు నిండాక మిగిలితే కిందకి. అందుకే చివరివాళ్లు మిర్చి, పత్తి వేసుకోవడం నేర్చుకున్నారు. నీళ్లు అడిగితే “మీవి ఆరుతడి పంటలే కదా, నాలుగు రోజులు ఆగితే ఏమైంది” అంటారు. నీళ్లు రాక నేర్చుకున్నదే నీళ్లు ఇవ్వకపోవడానికి కారణమవుతుంది.

ఈ వాక్యం నా మూడో అధ్యాయంలో ఉంది. నేనే రాశాను. రాసినప్పుడు మా నాన్న మూడెకరాలే గుర్తొచ్చాయి.

డిసెంబర్‌లో ఒక రాత్రి తను బెంగళూరు ఆఫర్ సంగతి చెప్పాడు. మేనేజర్ పోస్టు, జనవరిలో చేరాలి. నేనేం మాట్లాడకపోయేసరికి, “నీ పని ఎక్కణ్నుంచైనా చేసుకోవచ్చు కదా” అన్నాడు.

నిజమే. ఫీల్డ్‌వర్క్ అయిపోయింది, డేటా అంతా లాప్‌టాప్‌లో ఉంది. వంటగట్టు మీద రాశాను, ఎంఎంటీఎస్‌లో రాశాను, మామయ్య ఆపరేషనప్పుడు ఆస్పత్రి కుర్చీలో కూర్చుని ఫుట్‌నోట్లు సరిచూశాను. ఎక్కణ్నుంచైనా చేసుకోవడం నాకు పుట్టుకతో రాలేదు. అలా నేర్చుకున్నాను.

గొడవ పెట్టుకోలేదు. మూడో అధ్యాయం ప్రింటు తీసి ఇచ్చాను. పెళ్లైన ఇన్నేళ్లలో నేను రాసింది తను ఒక్క పేజీ చదవలేదు. నేనూ ఇవ్వలేదు, అది వేరే సంగతి. పొద్దున కాఫీ తాగుతూ అడిగాడు, “అయితే నేను కాలువ పక్క రైతునా?”

“మంచివాడివే. తూము మాత్రం నీ పొలం దగ్గరే ఉంది” అన్నాను.

నవ్వలేదు. కాసేపటికి లాప్‌టాప్ తెరిచి ఆఫీసుకి మెయిల్ రాశాడు. ఆరు నెలలు గడువడిగితే మూడు ఇచ్చారు. ఆ మూడు నెలలూ పొద్దున ఆరు నుంచి పది దాకా ఇల్లు తనది, గది నాది. మొదటి వారం తలుపు అవతల్నించి “ఆవాలెక్కడ?” అని నాలుగుసార్లు వినిపించింది. ఐదోసారి వినిపించలేదు. ఆ రోజు పప్పులో ఆవాలు లేవు, అంతే.

తనకేం బాధ లేదని చెప్పను. మూడు నెలలు పెరిగిన జీతం పోయింది. ఈఎంఐ కట్టే రోజున కాస్త ముభావంగా ఉండేవాడు. మార్చి చివర్లో ఒక్కడే బెంగళూరు వెళ్లాడు. రెండు అద్దెలు, శుక్రవారం రాత్రి బస్సులు. నేనింకా సబ్మిట్ చేయలేదు. ఐదు అధ్యాయాలూ గైడ్ దగ్గరికి వెళ్లి, ఎర్ర గీతలతో తిరిగొచ్చాయి. దిద్దుతున్నాను.

పాత ఒప్పందాన్ని మాత్రం మార్చుకున్నాం. వంతులు లేవు. ఎవరి పని ఆగిపోతే బయటినుంచి ఒక్క ఫోనైనా రాదో, ముందు ఆ పని జరగాలి. ఎంతకాలం నిలబడతామో చూడాలి.

నిన్న నాన్న ఫోన్ చేస్తే నీళ్ల సంగతి అడిగాను.

“ఈసారి చివర్నుంచి మొదలెడతామంటున్నారే” అన్నాడు. “పోయినేడూ అన్నారు. నువ్వు మాత్రం రాయడం ఆపకు.”