రికార్డుకెక్కని బాకా

జాజ్‌ని కనిపెట్టిందెవరంటే చాలు, న్యూ ఆర్లీన్స్ సంగతులు తెలిసినవాళ్ల మధ్య తగువు ఖాయం. జెల్లీ రోల్ మోర్టన్ అనే పియానో ఆయనైతే 1902లో నేనే కనిపెట్టానని బల్లగుద్ది చెప్పుకున్నాడు. మొహమాటం లేని మనిషి! ఊళ్లో పాతకాపులు మాత్రం బడ్డీ బోల్డెన్ పేరే చెప్పేవారు.

మరి ఆయన ఎలా వాయించేవాడంటారా? విందామంటే ఒక్క రికార్డూ దొరకలేదు. మిగిలిందల్లా మసక ఫొటో ఒకటి, బోలెడన్ని కథలు. ఆయన కార్నెట్ ఊదితే మైళ్ల దూరం వినపడేదట. కార్నెట్టంటే ట్రంపెట్‌కి పొట్టి తమ్ముడు లెండి. 1907లో మతి చలించి పిచ్చాసుపత్రిలో చేరినవాడు 1931లో పోయేదాకా అక్కడే ఉండిపోయాడు. ఆ మధ్యకాలంలోనే జాజ్ ప్రపంచమంతా చుట్టేసింది.

ఆ రోజుల్లో ఫలానా హాల్లో ఈ రాత్రి డాన్సుందని చాటాలంటే బ్యాండు మొత్తం గుర్రబ్బండెక్కి వీధులు తిరగాల్సిందే. ట్రాంబోన్ గొట్టం ముందుకీ వెనక్కీ సాగుతుంది కదా, పక్కవాడి వీపులో పొడవకుండా ఆ వాయించేవాణ్ని బండి వెనక అంచున కూర్చోబెట్టేవారు. ఆ బాణీకి ‘టెయిల్‌గేట్’ అన్న పేరు అలా వచ్చిందే. వీధి మూల మీద రెండు బండ్లు ఎదురుపడ్డాయా, ఇక పోటీయే! ఓడేవాళ్లు మెల్లగా జారుకోకుండా జనం రెండు బండ్ల చక్రాలూ కలిపి కట్టేసేవారట.

ఇంత సందడి జరిగిన ఊరు కదా, తొలి జాజ్ రికార్డు మాత్రం 1917లో న్యూయార్క్‌లో విక్టర్ కంపెనీకి ఇచ్చింది తెల్లవాళ్ల బ్యాండు. వాళ్లదీ న్యూ ఆర్లీన్సే. పేరేమో ‘ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్’. ఒరిజినలట! వాయిద్యాలతోనే గుర్రం సకిలింపు, కోడి కూత పలికించారు. తెగ అమ్ముడుపోయింది. సరదాగానే ఉంటుంది గానీ, దాంతోనే జాజ్ పుట్టిందంటే నేనొప్పుకోను. ఫ్రెడ్డీ కెపార్డ్ అనే నల్లజాతి కార్నెట్ వాద్యకారుడికి అంతకుముందే రికార్డు అవకాశం వస్తే, నా కిటుకులు కాజేస్తారని వద్దన్నాడని ఒక కథ. వేళ్లు కనపడకుండా చేతిరుమాలు కప్పి వాయించేవాడని ఇంకో కథ. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం.

వినాలనుంటే 1923లో కింగ్ ఆలివర్ బ్యాండు ఇచ్చిన ‘డిప్పర్‌మౌత్ బ్లూస్’ వినండి. ఇండియానాలోని రిచ్‌మండ్‌లో, రైలు పట్టాల పక్కనున్న స్టూడియోలో తీశారు. మైకుల్లేవు, అందరూ ఒక పెద్ద గరాటు ముందు నిలబడి వాయించాలి. ఇరవై ఒక్కేళ్ల లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ధాటికి గురువు ఆలివర్ కార్నెట్ వినపడదని కుర్రాణ్ని దూరంగా నిలబెట్టారట. రికార్డు గీసే సూది ఎగిరిపోతుందని డ్రమ్మర్ బేబీ డాడ్స్‌కి పెద్ద డ్రమ్ము లేదు, చెక్కముక్కల మీదే దరువు. అందరూ ఆగి అతనొక్కడే వాయించాల్సిన చోట డాడ్స్ మరిచిపోయాడు. ఆ ఖాళీ పూడ్చడానికి బాంజో వాయిస్తున్న బిల్ జాన్సన్ ఓ కేక వేశాడు. డాడ్స్ తర్వాత తనే చెప్పిన సంగతిది. తరవాత అదే పాట వాయించిన బ్యాండ్లు కూడా ఆ చోటుకి రాగానే బుద్ధిగా కేక వేయడం మొదలెట్టాయి.