పీపాలో ఉండగానే అడ్వాన్సు!

రషెస్ కూడా చూడకుండా, హీరో పేరు విని నైజాం ఏరియాకో సీడెడ్‌కో అడ్వాన్సు కట్టే బయ్యర్ల సంగతి మీకు కొత్త కాదు. వైనుకీ అలాంటి బయ్యర్లున్నారంటే నమ్ముతారా? నేను నమ్మాను. నమ్మడమే కాదు, 12 వేలు కట్టాను కూడా!

ఫ్రాన్సులో బోర్డో అని ద్రాక్షతోటల ప్రాంతం ఉంది. అక్కడ సెప్టెంబరు, అక్టోబరుల్లో పళ్ళు కోస్తారు. మరుసటి ఏప్రిల్‌లో వర్తకులూ, విమర్శకులూ వెళ్ళి, పీపాల్లో ఇంకా పసితనం వదలని వైను రుచి చూసి మార్కులు వేస్తారు. ఆ తర్వాత తోటలవాళ్ళు ధర చెబుతారు. డబ్బు అప్పుడే కట్టాలి. సీసాలు చేతికొచ్చేది మాత్రం దాదాపు రెండేళ్ళకు! దీన్నే 'ఆన్ ప్రిమర్' అంటారు. పీపాలోని రుచి సీసాలోకి వచ్చేసరికి మారొచ్చు. రషెస్ బాగున్నంత మాత్రాన సినిమా ఆడాలని ఎక్కడుంది?

హిట్లున్నాయి. 1982 పంటను రాబర్ట్ పార్కర్ అనే అమెరికన్ విమర్శకుడు ఆకాశానికెత్తాడు. ఆయన మాట నమ్మి 1983లో కొన్నవాళ్ళ పంట పండింది. ఫ్లాపులూ ఉన్నాయి. 1997 పంటను మరీ ఎక్కువ ధరకు అమ్మారు. కొన్నవాళ్ళు చేతులు కాల్చుకున్నారు. లాటూర్ అనే మేటి తోటవాళ్ళయితే 2012లో ఈ బేరమే మానుకుని, వైను తయారయ్యాకే అమ్ముతామన్నారు.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. 2023లో లండన్ నుంచి మా బాబాయి కొడుకు ఫోను చేశాడు. "అన్నయ్యా, 2022 పంట సూపర్ హిట్టట! ఆరు సీసాల పెట్టె. చెరిసగం వేసుకుందాం. రెండేళ్ళలో రెట్టింపు!" వ్యాసాలు రాసుకుని బతికేవాడికి 'రెట్టింపు' అనే మాట ఎంత తియ్యగా ఉంటుందో! స్కూటరు ఇంజను బాగుచేయించడానికి దాచిన డబ్బు పంపేశాను.

నాన్నకు చెప్పలేదు. చెప్పడానికి మొహం లేదు. నా చిన్నప్పుడు ఆయన ఓ సినిమా జిల్లా హక్కుల్లో వాటా కొన్నారు. చూసింది నాలుగు స్టిల్సు. తాకట్టు పెట్టింది అమ్మ గాజులు. ఆ సినిమా రెండో వారం చూడలేదు. "చూడని బొమ్మ మీద ఎవరైనా డబ్బు పెడతారా?" అని పదిహేనేళ్ళ వయసులో ఆయన్ని నిలదీసినవాణ్ణి నేనే. ఆయన మాట్లాడలేదు.

2025లో మా సీసాలొచ్చాయి. ఆ పాటికి అదే వైను లండన్ కొట్లో మేం కట్టినదానికన్నా తక్కువకు దొరుకుతోంది! తమ్ముడు నెల్లాళ్ళు ఫోను చెయ్యలేదు. నేనే చేశాను. "పోనీలేరా, నన్నెవరూ బలవంతం చెయ్యలేదుగా. వచ్చేటప్పుడు ఓ సీసా పట్రా, తాగేద్దాం" అన్నాను.

సంక్రాంతికి తెచ్చాడు. ఆ రాత్రి నాన్నకు సంగతంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆయనకు వైను అలవాటు లేదు. సీసాను మాత్రం అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎలా ఉంది?" అన్నారు.

"బావుంది నాన్నా."

"మా బొమ్మా బాగానే ఉండేదిరా. జనమే రాలేదు!" అన్నారు.

స్కూటరు ఇప్పటికీ తోసుకుంటూనే స్టార్టు చేస్తున్నాను.