అట్టబొమ్మల బేరము

కల్లములో తాలుకాయలు ఏరినందుకు చేతిలో పెట్టిన చిల్లరతో బబుల్ గమ్ కొనుక్కొన్న బాల్యము మాది. 1990ల తొలినాళ్ళలో మా ప్రత్తిపాడు అంగళ్ళలో ‘బిగ్ ఫన్’ అను పొట్లము దొరికెడిది. నమిలెడి వస్తువుపై మాకంత మోజు లేదు. దానితో వచ్చు క్రికెట్ ఆటగాని బొమ్మయే కావలసినది. వాటినన్నిటిని పాత లెక్కల నోటుపుస్తకములో మైదా జిగురుతో అంటించితిమి. ఆ జిగురే ఒకనాడు మా ఆశలకు అడ్డు తగులునని అప్పుడెరుగము.

ఆ పుస్తకములో అజహరుద్దీన్ స్థానము చాలకాలము ఖాళీగానే యుండెను. 1984–85లో తానాడిన మొదటి మూడు టెస్టులలోను శతకములు చేసి, 1990లో భారత జట్టుకు నాయకుడైన మన హైదరాబాదీయుడు లేని పుస్తకమేమి పుస్తకము! ఆ బొమ్మ మా తరగతి మిత్రునికి దొరికినది. అతని తల్లి పత్తితీతకు పోయెడిది; అతనికి నెలకొక గమ్ము దొరకుటయే గొప్ప. మా వద్ద ఎక్కువైన బొమ్మలు పన్నెండు అతని ముందు పెట్టి, “ఒకటిచ్చి పన్నెండు తీసుకోరా” అంటిమి. అతడు లెక్కపెట్టుకొని సంతోషముగా ఇంటికి పోయినాడు. ఆ కట్టలో పైవి మాత్రమే వేరువేరు ఆటగాళ్ళవి, అడుగునున్న ఏడును ఒకే ఆటగానివి. మరునాడు బడిలో అడిగినాడు. “బేరమైపోయింది కదా!” అని బదులిచ్చితిమి.

ఇట్టి బొమ్మల పుట్టుకకును మన పొలములకును చుట్టరికమున్నది. సిగరెట్టు పెట్టె నలగకుండ లోపల నొక అట్టముక్క పెట్టెడివారు. పందొమ్మిదవ శతాబ్ది చివర అమెరికా, ఇంగ్లండు కంపెనీలు దానిపై ఆటగాళ్ళ బొమ్మలు అచ్చువేయ నారంభించినవి. వర్జీనియా పొగాకు పండించి పేరుగాంచి, 1976 నుండి పొగాకు బోర్డుకు నిలయమైన గుంటూరు సీమ పిల్లలకు మాత్రము ఆ బొమ్మలు గమ్ము వెంట వచ్చినవి!

1909–11 నడుమ అమెరికన్ టుబాకో కంపెనీ వెలువరించిన బేస్‌బాల్ బొమ్మలలో హోనస్ వాగ్నర్‌ది బహు కొద్ది ప్రతులే నిలిచినవి. తన బొమ్మ కొరకు పిల్లలు పొగాకు కొనుట ఆయనకు సమ్మతము కాలేదని కొందరు, ప్రతిఫలము ముట్టలేదని కొందరు చెప్పుదురు. అట్టిదొకటి 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడైనది. అదే యేడు 1952 నాటి మికీ మాంటిల్ బొమ్మ కోటి 26 లక్షల డాలర్లు పలికినది. ఆ 1952 బొమ్మలలో అమ్ముడుపోని వాటిని టాప్స్ కంపెనీవారు 1960లో సముద్రములో పారబోయించిరి. ఇది చూచి 1980లలో అమెరికనులు కొత్త బొమ్మలను పెట్టెలకొలది దాచిరి. కంపెనీలును లెక్కకు మిక్కిలిగా అచ్చువేసినవి. ఇంటింటి అటకపైన అవే యుండగా ధర పడిపోయినది. శీతల గిడ్డంగిలో టిక్కీలు దాచి, అందరి సరకు ఒక్కసారిగా యార్డుకు చేరగా తల పట్టుకొన్న మిరప రైతుకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంత తెలిసియు 2023లో మేము అటక యెక్కితిమి. మా పుస్తకమునకు రెండు లక్షలిత్తునని ఫోనులో ఒకడు పలికినాడు. ముందు నమోదు రుసుమన్నాడు, పంపితిమి. పిదప పన్నన్నాడు, అదియు పంపితిమి. పదకొండువేలు ముట్టిన వెనుక అతని ఫోను మూగవోయినది. పాత నోట్లు, నాణెముల పేర రుసుములడుగు మోసగాండ్ర గూర్చి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించినది. ఆ ప్రకటనను తరగతిలో చదివి వినిపించినది మేమే! నోట్లకు గదా, బొమ్మలకు కాదు గదా యని మాకు మేమే నచ్చజెప్పుకొంటిమి. తరువాత విచారింపగా, అసలు కొనుగోలుదార్లు మూలలు, అంచులు, వెనుకభాగము కూడ పరీక్షింతురని తెలిసినది. మా బొమ్మల వెనుకభాగమంతయు మైదా జిగురే.

ఆ మరుసటి యేడు మా బాల్యమిత్రుడు కుమారుని కళాశాలలో చేర్పింప వచ్చి మమ్ము చూచినాడు. ఇంటికి పిలిచి పుస్తకము ముందుంచితిమి. అజహరుద్దీన్ బొమ్మ మూలనున్న ఎర్రని మరకపై వేలు పెట్టి, “ఇది నా వేలిగుర్తేరా. కాయలు ఏరొచ్చి పట్టుకున్నా” అన్నాడు.

దానిని తిరిగి ఇచ్చివేయదలచి తడిగుడ్డతో మెల్లగా ఊడదీయబోతిమి. అంచు చిరుగసాగినది. అతడు మా చేయి పట్టుకొని, “చింపమాకురా. అక్కడే ఉండనీ” అన్నాడు. కుమారుడు వంగి బొమ్మను చూచుచుండెను.

“మరి ఆ ఏడు బొమ్మలు ఎవరివో నీకు గుర్తుందా?” అని అడిగినాడు.

గుర్తులేదంటిమి. అతడు తడుముకొనకుండ ఆ పేరు చెప్పినాడు.