ఒక్క చాయ్... పూటంతా ముచ్చట!

చాయ్ హోటల్‌లో బల్లకు అతుక్కుపోయిన పెద్దవాళ్లను చూసి ‘వీళ్లకింకేం పన్లేదా?’ అనుకుంటాం. నిజానికి వాళ్లక్కడ చేసే పనులు చాలానే ఉన్నాయి. ఇచ్చోడలోనైనా, న్యూయార్క్‌లోనైనా!

హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద నిర్మల్ దాటి, మహబూబ్ ఘాట్ ఎక్కి, నేరడిగొండ మీదుగా ముందుకెళ్తే వస్తుంది ఇచ్చోడ. అక్కణ్నుంచి ఆదిలాబాద్ ఇంకా ముప్పై కిలోమీటర్లుంటుంది. రోడ్డు నంబరు 2010లో మారింది కానీ పాతవాళ్ల నోట అది ఇప్పటికీ ‘ఏడో నంబరు రోడ్డే’. కుంతాల జలపాతం చూడాలనుకునేవాళ్లు నేరడిగొండ దగ్గరే పక్కకు మళ్లుతారు. సిరిచెల్మ మల్లన్న దర్శనానికి వెళ్లేవాళ్లు ఇచ్చోడలో దిగుతారు. మిగతా ప్రయాణికులకు ఇది చాయ్ కోసం ఆగే ఊరు. పది నిమిషాలు ఆగి, గ్లాసు కిందపెట్టి వెళ్లిపోతారు.

వాళ్ల పక్క బల్ల మీద కూర్చున్న పెద్దాయన మాత్రం కదలడు. బస్సులు వస్తుంటాయి, పోతుంటాయి. ఆయన ముందున్న గ్లాసు ఎప్పుడో ఖాళీ అయింది. అయినా ‘ఇంకేం కావాలె?’ అని ఎవరూ అడగరు. ‘లేస్తవా?’ అని అసలే అడగరు!

పొయ్యి దగ్గర కొలువు

ఆదిలాబాద్ చలి సంగతి తెలిసిందే. డిసెంబరు, జనవరిల్లో పది డిగ్రీల కంటే కిందికి పడిపోతుంది. అలాంటి పొద్దుల్లో ఇంట్లో అందరికంటే ముందు మెలకువ వచ్చేది ముసలివాళ్లకే. కొడుకూ కోడలూ ఇంకా నిద్రలో ఉంటారు. లేచి తిరిగితే అలికిడి, దగ్గితే ఇబ్బంది. అందుకే కంబళి కప్పుకుని, చేతికర్ర పట్టుకుని బయల్దేరతారు. ఊళ్లో అప్పటికే వెలుగుతున్న పొయ్యి చాయ్ హోటల్‌దే. అక్కడ పాలు పొంగే వేళకి నలుగురైదుగురు చేరిపోతారు.

ఈ ప్రాంతపు హోటల్ బల్ల మీద వినిపించేన్ని భాషలు పెద్ద నగరాల్లోనూ వినిపించవేమో. ఊళ్లో తెలుగు, ఉర్దూ, మరాఠీ. చుట్టుపక్కల గూడేల్లో గోండి, తండాల్లో లంబాడీ. అంగడి రోజైతే అన్నీ ఒకేచోట కలుస్తాయి. గూడెం నుంచొచ్చిన పెద్దమనిషికి ‘రామ్ రామ్ పటేల్’ అని పలకరింపు. పక్కనున్న సాయబుకి ‘సలామ్ భాయ్’. ఆ తర్వాత అన్నీ కలగలిసిన భాషలో ముచ్చట మొదలవుతుంది. పళ్లెంలో పోహా, గ్లాసులో చాయ్... మహారాష్ట్ర పక్కనే ఉందని నాలుకే చెబుతుంది!

వచ్చిన పేపరు ఒక్కటే. విడదీస్తే అందరిదీ. జిల్లా పేజీ ఒకరి చేతిలో, ఆటల పేజీ ఇంకొకరి చేతిలో. చదువురాని వాళ్ల కోసం ఒకాయన గట్టిగా చదువుతాడు. దసరా దాటిందంటే ఆ గొంతు కోసం అందరూ చెవులు రిక్కిస్తారు... పత్తి ధర ఎంతుంది? కొనుగోళ్లు మొదలయ్యాయా? తేమ పేరు చెప్పి క్వింటాలుకు ఎంత కోస్తున్నారు? పొలం కొడుకు పేరు మీదికి మారి ఏళ్లయినా పత్తి ధర మీద బెంగ మాత్రం తండ్రి పేరునే ఉంటుంది.

రాయని నిబంధనలు

ఒక్క చాయ్ అమ్మి పూటంతా చోటిస్తే యజమానికి గిట్టుబాటెలా? ఇందులో ఒక లెక్క ఉంది. బస్సు ఆగి జనం దిగారంటే పెద్దాయనే లేచి బల్ల ఖాళీ చేస్తాడు. గోడ వారగా నిలబడి, రద్దీ తగ్గాక మళ్లీ వచ్చి కూర్చుంటాడు. ‘బజార్‌హత్నూర్ బస్సు పోయిందా?’, ‘బోథ్‌కు ఎప్పుడుంది?’ అని అడిగే కొత్తవాళ్లకు జవాబు చెప్పేది ఆయనే. యజమాని అన్నం తినడానికి వెనక్కి వెళ్తే గల్లా మీద ఓ కన్నేసి ఉంచేదీ ఆయనే. ‘అప్పు రేపు’ అన్న బోర్డు గోడ మీద ఉన్నా, ఆయన బాకీ మాత్రం యజమాని నోటి లెక్కలో ఉంటుంది. పింఛను పడ్డ రోజున తీరిపోతుంది.

ఈ పింఛను సంగతి చిన్నదేం కాదు. 2014లో ఆసరా పింఛను నెలకు వెయ్యి రూపాయలతో మొదలైంది. 2019లో అది 2,016 రూపాయలైంది. మందులకు, మనవళ్ల బిస్కెట్లకు పోను చాయ్‌కి నాలుగు పైసలు మిగిలితే చాలు, కొడుకు ముందు చెయ్యి చాపకుండా బయటికి రావొచ్చు. ‘ఈ చాయ్ పైసలు నావి’ అని తోటివాడి గ్లాసుకి కూడా కలిపి ఇచ్చే రోజున ఆ ముఖంలో కళే వేరు.

అన్నిటికంటే పెద్ద నిబంధన ఇంకొకటుంది. రోజూ వచ్చే మనిషి రెండ్రోజులు కనబడకపోతే మూడోనాడు ఎవరో ఒకరు ఇంటికి వెళ్లి అడుగుతారు. జ్వరమా? ఊరికి పోయిండా? ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఇంతకు మించిన హాజరు పట్టీ ఏముంటుంది?

మెక్‌డొనాల్డ్స్‌లో కొరియా తాతలు

ఇదేదో మన పల్లెటూళ్ల ముచ్చట అనుకుంటే పొరపాటే. 2014 జనవరిలో న్యూయార్క్ నగరంలో ఇదే విషయం మీద పెద్ద గొడవైంది. క్వీన్స్‌లోని ఫ్లషింగ్ ప్రాంతంలో ఒక మెక్‌డొనాల్డ్స్ ఉంది. కొరియా నుంచి వెళ్లి స్థిరపడిన పెద్దవాళ్లు పొద్దున్నే అక్కడికి చేరేవారు. ఓ కాఫీ, నలుగురూ పంచుకోవడానికి ఓ చిన్న ఫ్రెంచ్ ఫ్రైస్ పొట్లం... చీకటిపడేదాకా ముచ్చట్లే! మిగతా కొనుగోలుదారులకు చోటు దొరకడం లేదని యాజమాన్యం మొత్తుకుంది. 20 నిమిషాలకు మించి కూర్చోరాదన్న బోర్డు ఎలాగూ ఉంది. చివరికి పోలీసుల్ని పిలిచారు. తాతలేం చేశారు? బయటికి నడిచి, ఆ వీధి చుట్టూ ఒక తిప్పు తిరిగి, మళ్లీ వచ్చి కూర్చున్నారు!

కొరియన్లు అలిగి బహిష్కరణకు పిలుపునిచ్చారు. ఆఖరికి స్థానిక శాసనసభ్యుడు రాన్ కిమ్ మధ్యవర్తిగా వచ్చి రాజీ కుదిర్చారు. రద్దీగా ఉండే ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 దాకా పెద్దలు చోటు వదలాలి, మిగతా వేళల్లో గంటసేపు కూర్చోవచ్చు. బస్సు వచ్చినప్పుడు ఇచ్చోడ పెద్దాయన తనంతట తాను లేచే పద్ధతినే అక్కడ కాగితం మీద పెట్టుకోవాల్సి వచ్చిందన్నమాట.

ఆ వ్యవహారంలో ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. వృద్ధుల కోసమే నడిచే కేంద్రాలు ఆ చుట్టుపక్కల లేకపోలేదు. అయినా వాళ్లు అటు పోలేదు. ఎందుకంటే వాళ్లకు కావాల్సింది ముసలివాళ్ల కోసం కట్టిన గది కాదు. పిల్లలు, పడుచువాళ్లు, పనికిపోయేవాళ్లు కళ్లముందు కదిలే చోటు. రాజకీయాలు, పెళ్లిళ్లు, ధరలు చెవినపడే చోటు. అమెరికా సామాజికవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 1989లో రాసిన పుస్తకంలో దీన్నే ‘మూడో చోటు’ అన్నారు. మొదటిది ఇల్లు, రెండోది పని, మూడోది నలుగురూ కలిసే అడ్డా. పని నుంచి తప్పుకున్న మనిషికి రెండో చోటు పోతుంది. మూడోది కూడా లేకపోతే మిగిలేది ఇంట్లో ఓ మూలన మంచమే!

హైదరాబాద్ వాళ్లకీ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఇరానీ హోటల్లో పాలరాతి బల్ల ముందు ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లతో గంటలు గడిపిన తరాలున్నాయక్కడ.

కుర్చీలు మాయం

ఇప్పుడు కాలం మారుతోంది. న్యూయార్క్‌లో ఫాస్ట్‌ఫుడ్ అంటే కుర్చీలైనా ఉన్నాయి. మన ఊళ్లలో ఫాస్ట్‌ఫుడ్ సెంటర్ అంటే సాయంత్రం రోడ్డుపక్కన వెలిసే బండి. పెద్ద మంట మీద నూడుల్స్, ఫ్రైడ్ రైస్... నిలబడి తిని వెళ్లిపోవడమే. కొత్తగా వస్తున్న టీ దుకాణాలదీ అదే తీరు. అద్దాల కౌంటరు, కాగితపు కప్పు, నిలబడటానికి ఎత్తు బల్ల. వ్యాపారం అన్నాక అది తప్పు కాదు. అద్దె కట్టేవాడికి గిరాకీ తిరగాలి కదా! కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషి ఎంతసేపని నిలబడతాడు? ఒక్కో బెంచీ తీసేసినప్పుడల్లా నలుగురు పెద్దవాళ్లు ఇంటిదారి పడతారు.

2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో అరవై దాటినవాళ్లు పది కోట్ల పైచిలుకు. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో చట్టం వచ్చింది. తిండి, బట్ట, నీడ, వైద్యం పిల్లల బాధ్యత అంది. ముచ్చట పెట్టే మనిషిని మాత్రం ఏ చట్టమూ తెచ్చివ్వలేదు.

మరి నానమ్మలు?

ఇంతకీ ఈ హోటల్ బల్లల మీద ఆడవాళ్లు ఎక్కడా కనబడరే! పొద్దున్నే మెలకువ వాళ్లకూ వస్తుంది. కానీ ‘చాయ్ తాగొస్త’ అని చెప్పి బయటపడే వీలు తాతకున్నట్టు నానమ్మకు లేదు. ఆమె కొలువు వాకిట్లో గద్దె మీద, బీడీలు చుట్టే అరుగు మీద, గుడి మెట్ల మీద, దవాఖాన వరుసలో. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమయ్యాక ఇంకో చోటు దొరికింది... బస్టాండు బెంచీ! ఒక బస్సు పోతే ఇంకో బస్సు. తొందరేముంది? పక్కనున్న ఆమెది ఏ ఊరో, ఎందరు పిల్లలో కనుక్కునేలోపు గంట గడిచిపోతుంది.

ఈసారి ఇచ్చోడ మీదుగా వెళ్తే చాయ్‌కి ఆగండి. మూల బల్ల మీద పెద్దాయన ఉంటే పక్కన కూర్చుని ‘పత్తి ఎట్లుంది తాతా?’ అని అడిగి చూడండి. మీ బస్సు తప్పిపోతే మాత్రం ఆయన పూచీ లేదు!