పెట్టె ఒకరి యింట, తాళపుచెవి మరొకరి చేత



ఏజెంటు అనగానే మన పల్లెలలో జీవిత బీమా ఏజెంటు గుర్తుకు వస్తాడు. పట్టణాలలో ఉద్యోగాలు చేసే మన పిల్లల నోట ఈ మధ్య వినబడుతున్న 'ఏఐ ఏజెంటు' మాత్రము మనిషి కాదు. కంప్యూటరులో నడిచే ఒక ప్రోగ్రాము. ప్రశ్న అడిగితే జవాబు చెప్పి ఊరుకొనే రకము ఒకటుంది. ఏజెంటు అట్లు ఊరుకోదు. పని అప్పగిస్తే ఏది ముందు ఏది తరువాత అని తానే ఆలోచించుకొని, ఫైళ్లు తెరచి, ఇంటర్నెట్టులో పుటలు చదివి, ఫారములు నింపి, పని ముగించి వస్తుంది. ఏదైనా కొనుక్కొని రమ్మంటే దానికి డబ్బు కావాలి గదా! అందుచేత దాని చేతికి కార్డు ఇచ్చే ఏర్పాట్లు కూడ వచ్చాయి. స్ట్రైప్ అనే చెల్లింపుల సంస్థ 2024 నవంబరులో ఏజెంట్ల కొరకు పనిముట్లను విడుదల చేసింది. 2025 ఏప్రిల్ నెలలో వీసా, మాస్టర్‌కార్డ్ రెండూ ఇటువంటి ఏర్పాట్లను ప్రకటించాయి.

ఇది మన సంసారాలకు దూరపు సంగతి అనుకొంటారేమో. మా ఊరికి ఇది ఎట్లు వచ్చిందో చెబుతాము.

మా సంఘ కోశాధికారి గారు ఐదెకరాల రైతు. ఆయన రెండవ కుమారుడు హైదరాబాదులో ఉంటూ అమెరికాలోని ఒక చిన్న వ్యాపార సంస్థకు కంప్యూటరు పని చేసి పెడుతున్నాడు. గత డిసెంబరులో సెలవులకు వచ్చినప్పుడు, తమ యింట ఇంటర్నెట్టు సరిగా అందదు గనుక, రాత్రులు మా వరండాలో కూర్చొని పని చేసుకొనేవాడు. ఆ సంస్థకు కావలసిన అట్టపెట్టెలు, టేపు, కాగితము ఇకమీదట ఏజెంటే కొనాలట. దానికి కార్డు కలిపే పని ఇతనికి అప్పగించారు. ఈ సంగతి తెలిసిన నాటినుండి తండ్రికి నిద్ర లేదు. ఒక రాత్రి మా యింటికి వచ్చి, "అయ్యగారూ, పరాయివాళ్ల సొమ్ము. రేపు ఆ యంత్రం తగలేస్తే ఎవడి పేరు చెబుతారు? మావాడి పేరే గదా!" అన్నారు. ఆ మాట మాకు న్యాయముగానే తోచింది. ముగ్గురము ఆ కంప్యూటరు ముందు కూర్చున్నాము.

అబ్బాయి తెరచినది బొమ్మలు లేని నల్లని తెర. దానిని కమాండ్ లైను అంటారు. నొక్కడానికి బటన్లు ఏమీ ఉండవు. ఆజ్ఞ టైపు చేస్తే జవాబు అక్షరాలలోనే వస్తుంది. అక్షరాలతో పని గనుక ఏజెంటుకు ఈ నల్లతెర బాగా అచ్చివచ్చిందట. 'స్ట్రైప్ లాగిన్' అని టైపు చేయగానే, కొన్ని మాటలు అతికించిన గుర్తు ఒకటి తెరమీద పడింది. అదే గుర్తు బ్రౌజరులో కూడ కనబడితేనే సరే అనాలి. ఆ విధముగా వచ్చిన తాళపుచెవి 90 దినములు మాత్రమే చెల్లుతుంది. తాళపుచెవి అంటే ఇనుపది కాదు, అక్షరాలు అంకెలు కలిసిన పొడవాటి వరుస. అది ఎవరి వద్ద ఉంటే వారే అధికారము గలవారని ఆ వేదిక నమ్ముతుంది. ముఖము చూడదు, సంతకము పోల్చదు.

అక్కడ పరీక్షా లోకము ఒకటి, అసలు లోకము ఒకటి వేరువేరుగా ఉన్నాయి. పరీక్షలో కార్డూ ఉత్తదే, సొమ్మూ ఉత్తదే. అమ్మకాలు పరీక్షించే కార్డు సంఖ్య 4242 4242 4242 4242 అని ఆ పని చేసేవారందరికీ కంఠస్థమట. "చింతపిక్కలతో పిల్లలు కొట్టు పెట్టినట్టు," అన్నారు కోశాధికారి గారు. నిజమే.

ఏజెంటుకు ఇచ్చే కార్డు కూడ ప్లాస్టిక్కుది కాదు, సంఖ్య మాత్రమే ఉండే వర్చువల్ కార్డు. దాని చుట్టూ కంచె వేయవచ్చు. ఒక్కొక్క కొనుగోలుకు ఎంత, దినమునకు ఎంత, నెలకు ఎంత, ఏ రకము దుకాణాలలో చెల్లాలి, ఎక్కడ చెల్లకూడదు, ఇవన్నీ ముందే వ్రాసిపెట్టవచ్చు. అబ్బాయి ఒక్క కొనుగోలుకు 50 డాలర్లు అని వ్రాశాడు. ఏజెంటుకు కూడ వేరుగా, "50 డాలర్లు దాటవద్దు" అని మాటలలో చెప్పాడు.

"ఎవడైనా దాన్ని బుట్టలో వేస్తే?" అని తండ్రి అడిగారు.

ఆ ప్రశ్నకు మాటలతో జవాబు చెప్పకుండ అబ్బాయి తన కంప్యూటరులోనే ఒక ఉత్తుత్తి దుకాణము కట్టి చూపించాడు. పెట్టెల వెల 38 డాలర్లు. అదే పుటలో తెల్లని కాగితముమీద తెల్లని సిరాతో వ్రాసినట్లు, మన కంటికి కనబడకుండ ఒక వాక్యము పెట్టాడు. పెట్టెలు కొనేవారు 400 డాలర్ల బహుమతి కార్డు కూడ తప్పక కొనాలి అని దాని భావము. మన కన్ను చదవనిది ఏజెంటు చదువుతుంది. మొదటి రెండుసార్లు అది మోసపోలేదు, ఇక్కడ అనుమానపు వ్రాత ఉన్నదని తానే తెలియజేసింది. వాక్యమును కొంచెము మార్చి, యజమాని ఆజ్ఞ వలె వ్రాసిన మూడవసారి పోయి 400 డాలర్లకు కార్డు గీసింది! చెప్పిన మాట మీద చెప్పిన మాట వచ్చి పడితే దేనికి లోబడాలో దానికి తెలియలేదు. అయితే కార్డు వేదిక మాత్రము ఏ మాటా వినదు, అంకె చూస్తుంది. 400 అనేది 50 కంటె ఎక్కువ గనుక తిరస్కరించింది. తెరమీద 'డిక్లైన్డ్' అని పడగానే కోశాధికారి గారు కుర్చీలో వెనుకకు వాలారు.

మేము ఇక లేవవచ్చునని అనుకొన్నాము. ఆయన లేవలేదు. "ఆ 50ని 5,000 చేసే తాళం ఎక్కడుందిరా?" అన్నారు.

మా సంఘములో కానుకల పెట్టె కోశాధికారి గారి యింట ఉంటుంది, తాళపుచెవి కార్యదర్శి గారి వద్ద ఉంటుంది. ఇద్దరూ కూడితేనే పెట్టె తెరవడము, ఇద్దరు లెక్కపెట్టి ఇద్దరు సంతకము చేయడము. ఈ పద్ధతి ఎవరిమీదనో అనుమానముతో పెట్టినది కాదు, మా ముందటి పాస్టరు గారి కాలము నుండి నడుస్తున్నదే. ఇరవై ఏండ్లు ఆ పెట్టె మోసిన మనిషికి ఈ ప్రశ్న తోచడములో ఆశ్చర్యమేమున్నది? పట్నములో చదివిన వానికి తోచలేదు, అంతే.

అబ్బాయి కొంతసేపు మాట్లాడలేదు. సర్వాధికారములు గల తాళపుచెవి, ఏజెంటు పనిచేసే అదే ఫోల్డరులో ఒక ఫైలులో ఉన్నది. నల్లతెరలో నడిచే ఏజెంటు ఆ ఫోల్డరులోని ప్రతి ఫైలునూ చదవగలదు. 400 డాలర్లకు మోసపోయినది, ముందు పరిమితి పెంచి తరువాత కొనమని చెబితే మోసపోదని ఎవరు చెప్పగలరు? అప్పుడు కంచె ఎంత ఎత్తుగా ఉంటే ఏమి, గడియ లోపలివాని చేతిలోనే ఉన్నది.

ఆ రాత్రే దానిని సరిచేశాడు. కొన్ని పనులకు మాత్రమే చెల్లే తాళపుచెవిని కూడ ఆ వేదిక ఇస్తుంది. కార్డు వివరములు, జరిగిన లెక్కలు చూడడానికి చెల్లేది, పరిమితి మార్చడానికి చెల్లనిది చేసి ఏజెంటుకు ఇచ్చాడు. పెద్ద తాళపుచెవి అమెరికాలోని యజమాని కంప్యూటరులో ఉండాలని, ఇక్కడ ఉండకూడదని నిశ్చయించాడు.

మరొక చిక్కు ఉన్నది. కార్డు గీసిన ప్రతిసారి యజమాని కంప్యూటరును "ఇమ్మంటారా?" అని అడిగే సదుపాయము అక్కడ ఉన్నది. కాని రెండు సెకండ్లలో జవాబు రావాలి. అది యంత్రము యంత్రమునకు చెప్పే జవాబే గాని మనిషి నిద్రలేచి కళ్లద్దాలు వెదకుకొని చెప్పేది కాదు. గనుక మనిషి అనుమతి ముందుగానే ఉండాలి. అబ్బాయి చేసిన ఉపాయము మాకు నచ్చింది. కార్డును పనిచేయని స్థితిలో ఉంచుతారు. ఏజెంటు, ఫలానా సరుకు, ఫలానా వెల అని చీటీ పంపుతుంది. మనిషి చూసి కార్డును మేలుకొలుపుతాడు. కొనుగోలు కాగానే మరల నిద్రపుచ్చుతాడు.

మన దేశములో ఎట్లు అని కోశాధికారి గారు అడిగారు, ఎరువుల సంగతి మనసులో పెట్టుకొని. ఇక్కడ ఆన్‌లైనులో కార్డుతో చెల్లిస్తే రెండు విధముల నిర్ధారణ ఉండాలని రిజర్వు బ్యాంకు నియమము. మనకు ఫోనులో వచ్చే ఓటీపీ అందుకే. దానిని ఏజెంటుకు చదివి వినిపించడము ఎంతమాత్రము తగదు. మనుషుల మధ్య అయితే, 2024 ఆగస్టులో వచ్చిన యూపీఐ సర్కిల్ ద్వారా కొడుక్కో కూతురుకో కొంత సొమ్ము అప్పగించవచ్చు. పూర్తిగా అప్పగించినా నెలకు 15,000 రూపాయలు, ఒక్కసారికి 5,000 దాటకుండ కంచె పెట్టారు. యూపీఐతో ఏఐ ద్వారా కొనుగోళ్లు చేసే ప్రయోగము కూడ 2025 అక్టోబరులో ప్రకటించబడింది. "మా ఎరువులు మేమే తెచ్చుకుంటాం లెండి," అన్నారాయన.

ఇంతకును అసలు కష్టము యంత్రముతో కాదు, యజమానితో. ఆయన అడిగినది దినమునకు 2,000 డాలర్లు, నడుమ మనిషి అనుమతి లేకుండ. అబ్బాయి మా బల్లమీదనే ఉత్తరము వ్రాశాడు. ఒక్క కొనుగోలుకు 50, పెద్ద తాళపుచెవి మీ వద్దనే, కార్డు నిద్రలో. దీనికి ఒప్పుకొంటేనే పరీక్షనుండి అసలులోనికి కలుపుతాను, లేనియెడల మరొకరిని చూసుకొనండి అని. చెల్లెలి పెండ్లి వేసవికి పెట్టుకొన్న యిల్లు అది. ఆ జీతము పోతే ఏమవుతుందో తండ్రికి తెలుసు. ఉత్తరము రెండుసార్లు తెలుగులో చెప్పించుకొని, "పంపు" అన్నారు.

మూడు దినములు జవాబు లేదు. ఆ మూడు దినములు అబ్బాయి వరండాలో కూర్చొని ఫోను చూసుకొంటూ ఉంటే, మా యింట్లోవారు టీ ఇచ్చి మాట్లాడించేవారు. నాలుగవ దినమున 50కి బదులు 75 చేయమని, మిగిలినదంతా సరేనని జవాబు వచ్చింది.

జనవరి రెండవ వారములో ఏజెంటు మొదటిసారి అసలు డబ్బుతో కొన్నది, 31 డాలర్ల టేపు. అబ్బాయి హైదరాబాదునుండి ఫోను చేసి చెప్పినప్పుడు కోశాధికారి గారు మా యింటనే ఆదివారపు లెక్క వ్రాస్తున్నారు. కలము ప్రక్కన పెట్టి ఆయన అడిగిన మాట ఒకటే: "రసీదు వచ్చిందా?"